హిజ్కియా గురించి రాయాలంటే ఏ ఆధారం మేలు?

యూదా రాజు హిజ్కియా మీద రాద్దామని కూర్చుంటే ముందు చేతికొచ్చేది బైబిలే. అందులోనే ఆయన కథ మూడు చోట్ల ఉంది: రాజులు రెండవ గ్రంథం, దినవృత్తాంతములు రెండవ గ్రంథం, యెషయా. ఆయన మీదికి దండెత్తిన అష్షూరు రాజు సన్హెరీబు తన విజయాలు రాయించుకున్న మట్టి దిమ్మెలు ఇంకోవైపు. తవ్వకాల్లో దొరికినవి వేరే. అన్నీ కలిపి ఒకే కథగా అల్లేస్తే చదవడానికి బాగుంటుంది కానీ, ఏ మాట ఎవరిదో తెలియకుండా పోతుంది.

క్రీ.పూ. 701 నాటి దండయాత్ర విషయంలో నేను ముందు నమ్మేది రాజులు రెండవ గ్రంథం 18వ అధ్యాయంలో 14 నుంచి 16 దాకా ఉన్న మూడు వచనాలు. హిజ్కియా, సన్హెరీబు ఉన్న లాకీషు పట్టణానికి కబురు పంపి తప్పు ఒప్పుకున్నాడు, కప్పం కట్టాడు, ఆలయం తలుపుల మీది బంగారం కూడా ఒలిచి ఇచ్చాడు. ఆయనలాంటి రాజు యూదాలో ముందూ లేడు, తర్వాతా లేడని మెచ్చుకున్నది కూడా ఇదే అధ్యాయం. అంతగా మెచ్చుకున్నవాళ్లు ఆయనకు తలవంపులు తెచ్చే సంగతి కల్పించి రాస్తారా? యెషయా 36లో ఇదే దాడి దాదాపు అవే మాటల్లో ఉంది, ఈ మూడు వచనాలు మాత్రం లేవు. దినవృత్తాంతములు కూడా కప్పం ఊసెత్తదు.

సన్హెరీబు రాయించిన ఆరు పలకల దిమ్మె ఒకటి బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. 46 కోటలు పట్టాననీ, 2,00,150 మందిని బయటికి తెచ్చాననీ, హిజ్కియాను పంజరంలో పక్షిలా బంధించాననీ అంటాడు. పంజరం పోలిక అందరూ ఎత్తి రాస్తారు. నాకు అంతకన్నా విలువైనది ఆయన అనని మాట. యెరూషలేమును పట్టుకున్నానని ఎక్కడా అనలేదు. పట్టుకుని ఉంటే చెప్పకుండా ఊరుకునేవాడు కాదు. జనం అంకె మాత్రం గెలిచినవాడి లెక్క కాబట్టి 'సన్హెరీబు చెప్పుకున్నాడు' అని చేర్చాలి. ఒక్క రాత్రిలో 1,85,000 మంది అష్షూరు సైనికులు చనిపోయారన్న అంకెకూ అంతే, 'రాజుల గ్రంథం చెబుతోంది' అని రాయాలి.

కప్పం లెక్క దగ్గర తెలుగువాళ్లకు ఇంకో చిక్కుంది. హీబ్రూ మూలంలో 30 టాలెంట్ల బంగారం, 300 టాలెంట్ల వెండి (టాలెంటు అంటే ఆనాటి తూకం). అష్షూరు లెక్కలో బంగారం అదే 30, వెండి 800. మన పాత తెలుగు బైబిల్లో మాత్రం 60 మణుగుల బంగారం, 600 మణుగుల వెండి అని ఉంటుంది, ఒక టాలెంటును రెండు మణుగులుగా కట్టారు కాబట్టి. సండే స్కూల్ పాఠం కోసం నేను 60 పక్కన అష్షూరు లెక్కలోని 30 వేసి, బంగారంలోనూ తేడా ఉందని రాసేశాను. పిల్లలకు చెప్పేశాక గాని పొరపాటు తెలియలేదు. మరుసటి ఆదివారం దాకా ఒకటే టెన్షన్.

హిజ్కియా యెరూషలేముకు నీళ్లు తెచ్చిన సొరంగం సంగతికి వస్తే నా మొగ్గు దినవృత్తాంతములు వైపు. ఆ గ్రంథం శతాబ్దాల తర్వాతిదే అయినా, గిహోను ఊట నీళ్లను దావీదు పట్టణానికి (పాత యెరూషలేముకు) పడమటివైపు మళ్లించాడని దారితో సహా చెబుతుంది. రాజుల గ్రంథం కొలను, కాలువ అని ఊరుకుంటుంది. 1880లో ఆ సొరంగం గోడ మీద దొరికిన శాసనం ఇప్పుడు ఇస్తాంబుల్లో ఉంది. రెండు వైపుల నుంచి తవ్వుకొచ్చిన పనివాళ్లు ఒకరి కేక ఒకరు విని కలుసుకున్న ఘట్టం అందులో కళ్లకు కడుతుంది. రాజు పేరు మాత్రం లేదు. కాబట్టి దాన్ని 'హిజ్కియా వేయించిన శాసనం' అనకూడదు.

ఆయన పేరు కావాలంటే మట్టి ముద్ర ఉంది. యెరూషలేములోని ఓఫెల్ తవ్వకాల్లో దొరికిందని 2015లో ప్రకటించారు. 'ఆహాజు కుమారుడు, యూదా రాజు హిజ్కియాది' అని దాని మీద ఉంది. ఇలాంటివి అంతకుముందే పురావస్తువుల బజారులో కనిపించాయి కానీ, అవి ఏ నేలలోంచి వచ్చాయో చెప్పలేం. నా పాఠంలో ఓఫెల్ ముద్ర ఒక్కటే పెట్టుకున్నాను.