కాళ్లలో నరాలు ఉబ్బితే: పూతలా, సాక్సా, నడకా?

సాయంత్రానికి పిక్కలు బరువెక్కి, చీలమండల చుట్టూ వాచి, చర్మం కింద నీలంగా మెలికలు తిరిగిన నరాలు కనబడుతుంటే ఎవరికైనా ముందు ఏదో ఒకటి రాయాలనే అనిపిస్తుంది. నూనె, వెనిగర్, వెల్లుల్లి ముద్ద. నేనూ అక్కడే మొదలుపెట్టాను. ఇప్పుడు అడిగితే పూతలకు చివరి స్థానమే ఇస్తాను.

మనం నరాలంటున్నవి నిజానికి సిరలు. కాళ్ల నుంచి గుండెకు వెళ్లే రక్తం వెనక్కి జారకుండా వాటిలో చిన్న చిన్న కవాటాలుంటాయి. అవి సరిగ్గా మూసుకోకపోతే రక్తం కిందే నిలిచిపోయి సిర ఉబ్బుతుంది. పాడైన కవాటాన్ని ఏ ఇంటి చిట్కా బాగుచేయదు. రక్తం పైకి వెళ్లడానికి ఏది సాయపడుతుందో చూసుకోవడమే మన పని.

అన్నిటికన్నా తేలిక కాళ్లు ఎత్తి పెట్టుకోవడం. స్టూలు మీద చాపితే చాలదు. పడుకుని, పాదాలు గుండె కన్నా ఎత్తులో ఉండేలా దిండ్లు పేర్చుకోవాలి. 15 నిమిషాల చొప్పున రోజుకు 3, 4 సార్లు చేస్తే హాయి తెలుస్తుంది. కాకపోతే లేచి కాసేపు నిలబడ్డామా, కథ మళ్లీ మొదటికే.

రోజంతా నిలబడి పనిచేసేవాళ్లకు నా ఓటు కంప్రెషన్ సాక్స్‌కే. చీలమండ దగ్గర బిగువు ఎక్కువ, పైకి పోయేకొద్దీ తక్కువ. వాపు రాకముందే, పొద్దున మంచం దిగకుండానే వేసుకోవాలి. మడమ దాకా తిరగేసి, ముందు పాదం దూర్చి, మడమ కుదురుకున్నాక మిగతాది కొంచెం కొంచెంగా పైకి లాగాలి. పై అంచు మడిచారో, అక్కడ తాడు కట్టినట్టే! ఉక్కపోతలో చిరాకు తప్పదు. కొన్ని నెలలకు సాగిపోతాయి కూడా. మరీ సులువుగా ఎక్కుతుంటే మార్చే టైమ్ వచ్చినట్టే. కాళ్ల ధమనుల్లో అడ్డంకులున్నవాళ్లు, షుగర్ వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్లు డాక్టర్ని అడగకుండా వేసుకోకూడదు.

కూర్చుని పనిచేసేవాళ్లకు నడకే మేలు. పిక్క కండరం బిగిసినప్పుడల్లా సిరను పిండి రక్తాన్ని పైకి నెడుతుంది. లేవడం కుదరకపోతే కుర్చీలోనే మడమలు ఎత్తి దించుతుండాలి.

ఇక పూతలు. నూనె రాసి మెల్లగా నిమిరితే హాయిగా ఉంటుంది. ఆ హాయి చేతిది, నూనెది కాదు. వెల్లుల్లి ముద్ద కట్టుకుంటే చర్మం కాలి బొబ్బలెక్కొచ్చు. వేడి కాపడం సిరల్ని ఇంకా వెడల్పు చేస్తుంది.

మూలికల్లో కాస్త ఆధారం ఉన్నది హార్స్ చెస్ట్‌నట్ అనే విదేశీ చెట్టు గింజల సారం. కొద్ది వారాల పరీక్షల్లో నొప్పి, వాపు తగ్గాయి. మెలికలు మాయమవుతాయని ఆశపడొద్దు. పచ్చి గింజలు విషం. గర్భిణులు, రక్తం పలుచబడే మందులు వాడేవాళ్లు సొంతంగా మొదలుపెట్టకూడదు.

ఒక కాలు మాత్రమే ఉన్నట్టుండి వాచి, వేడిగా, నొప్పిగా ఉంటే రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. అప్పుడు పిసకకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ఉబ్బిన సిర చిట్లి రక్తం కారితే పడుకుని, కాలు పైకెత్తి, శుభ్రమైన గుడ్డతో గట్టిగా నొక్కి పట్టాలి. ఆగకపోతే అదీ ఆసుపత్రి కేసే.