కూల్ రూఫ్ కోటింగ్ రివ్యూ: పటమటలో టాప్ ఫ్లోర్, ఒక ఎండాకాలం తర్వాత

విజయవాడలో టాప్ ఫ్లోర్‌లో ఉండేవాళ్ల కోసం రాస్తున్నా. మా అపార్ట్‌మెంట్ టెర్రస్ మొత్తానికి ఫిబ్రవరిలో తెల్ల కూల్ రూఫ్ కోటింగ్ (ఎండని వెనక్కి కొట్టి స్లాబ్ వేడెక్కకుండా చూసే పూత) వేయించాం, రోహిణి కార్తె కూడా దాని కిందే గడిచింది, కాబట్టి ఇప్పుడు ధైర్యంగా చెప్పొచ్చు. పెట్టిన డబ్బులకి న్యాయం జరిగింది. 5కి 4 ఇస్తా, ఆ ఒక్కటి ఎందుకు కోసానో కింద చెప్తా.

మాది పాత బిల్డింగ్, ఐదు ఫ్లోర్లు, ఫ్లోర్‌కి రెండు ఫ్లాట్లు. పైన ఉత్త స్లాబ్, దాని మీద ప్లాస్టరింగ్ నాచు పట్టి ఎండి నల్లబడిపోయింది. పైన ఉన్నవాళ్లకి నేను కొత్తగా చెప్పక్కర్లేదు, పగలంతా స్లాబ్ ఎండ తాగి రాత్రి పది దాటాక అంతా మన మీద కక్కుతుంది, ఫ్యాన్ వేస్తే ఆ పైన ఉన్న వేడినే కిందకి తోస్తుంది, ఏసీ 24లో పెట్టి పడుకుంటే తెల్లారుజాము దాకా కంప్రెసర్ ఆగదు. కింద ఫ్లోర్ వాళ్లు అదే ఏసీతో దుప్పటి కప్పుకుంటారు.

పని చేసింది భవానీపురం వైపు నుంచి వచ్చిన పెయింటింగ్ బ్యాచ్, నలుగురు. పని బాగా చేశారు, ఆ మాట ముందు చెప్పాలి. నాకు నచ్చిందేంటంటే డబ్బా మూత తీయడానికి ముందే పని ఎక్కువ చేశారు. వైర్ బ్రష్‌తో నాచంతా గీకి, ప్రెషర్ పంపుతో కడిగి, ఆరాక పగుళ్లన్నీ సుద్దతో గుర్తు పెట్టి ఒక్కోటి పూడ్చారు, పిట్టగోడ స్లాబ్‌ని కలిసే మూల దగ్గర మెష్ వేసి మరీ నింపారు, అక్కడే వానాకాలం మా బెడ్‌రూమ్‌లోకి చెమ్మ దిగేది. తర్వాత ప్రైమర్, ఆపైన రెండు కోట్లు, మొదటిది అడ్డంగా, రెండోది నిలువుగా. మొదటి కోటు పూర్తిగా ఆరేదాకా రెండోది ముట్టుకోలేదు. ఇలా తొందర పడకుండా చేసేవాళ్లు దొరికితే వదలకండి, ఎందుకంటే కడగకుండా నాచు మీదే పూసేస్తే ఎంత మంచి మెటీరియల్ అయినా ఒక్క వానాకాలంలో పొరలు పొరలుగా లేచిపోతుంది.

కంపెనీ పేరు అడుగుతారని తెలుసు, కానీ అంతకంటే డబ్బా మీద ఉండే నంబర్లు చూడ్డం ముఖ్యం. ఎస్‌ఆర్‌ఐ (సోలార్ రిఫ్లెక్టెన్స్ ఇండెక్స్) అని ఒకటి ఉంటుంది, ఎండలో ఆ పూత ఎంత చల్లగా ఉంటుందో చెప్పే నంబర్, నల్ల రంగుకి 0, మామూలు తెల్లదానికి 100 అన్న లెక్కలో, మంచి కోటింగ్స్‌కి 100 పైన కూడా ఉంటుంది. కేంద్రం వాళ్ల 2017 బిల్డింగ్ కోడ్‌లో అయితే చదును రూఫ్‌కి సోలార్ రిఫ్లెక్టెన్స్ కనీసం 0.60, ఎమిటెన్స్ 0.90 ఉండాలని ఉంది. అంటే పడిన ఎండలో అరవై శాతమైనా వెనక్కి కొట్టేయాలి, లోపలికి పీల్చుకున్న వేడిని కూడా త్వరగా ఆకాశంలోకి వదిలేయాలి. టెస్ట్ రిపోర్ట్ చూపించమని అడగండి, షాపు వాళ్లు నీళ్లు నమిలితే పక్క షాపుకి వెళ్లండి. మామూలు తెల్ల ఎక్స్‌టీరియర్ పెయింట్ కొట్టి ఇదే కూల్ రూఫ్ అనేవాళ్లు కూడా ఉన్నారు.

ఇక అసలు సంగతి. లిఫ్ట్ రూమ్ వెనకాల ఒక చిన్న ముక్క పూయకుండా వదిలేయమన్నా, పోల్చి చూసుకోడానికి. మే నెలలో ఒకరోజు మధ్యాహ్నం రెండింటికి ఆ బ్యాచ్ మేస్త్రీనే లేజర్ థర్మామీటర్ తెచ్చి చూపించాడు. పూయని ముక్క మీద 59 డిగ్రీలు, అర అడుగు పక్కన తెల్లగా ఉన్నచోట 42. చెప్పులు విప్పి నిలబడి చూశా, తెల్లదాని మీద నిలబడగలిగా, ఆ నల్ల ముక్క మీద కాలు పెట్టడం ఆలస్యం ఎగిరి ఇవతలికి వచ్చా. లోపల గదిలో మాత్రం అంత తేడా ఆశించకండి. మా బెడ్‌రూమ్‌లో రాత్రి పూట మూడు డిగ్రీల వరకు తగ్గింది, ఏసీ లేకుండా బతికేయొచ్చు అని ఎవరైనా చెప్తే నమ్మకండి, కానీ కంప్రెసర్ ఆగి ఆగి తిరగడం ఆ ఇంట్లోకి వచ్చాక మొదటిసారి విన్నా. సాయంత్రం పూట పడమటి గోడ నుంచి వేడి అలాగే వస్తోంది, రూఫ్ కోటింగ్ గోడకేం చేస్తుంది పాపం.

బిల్లు లెక్క: పోయిన మే 520 యూనిట్లు, ఈ మే 430. ఒక్కో ఏడాది ఎండ ఒక్కోలా ఉంటుంది కాబట్టి మొత్తం దీని ఖాతాలోనే వేయను. కానీ మన కరెంటు ఛార్జీల స్లాబుల్లో 226 నుంచి 400 దాకా యూనిట్ 8.75, 400 దాటితే 9.75 కదా, తగ్గే యూనిట్లు తగ్గేది ఆ ఖరీదైన చివరి స్లాబులోంచే. 90 యూనిట్లంటే ఎనర్జీ ఛార్జీలే తొమ్మిది వందలకి దగ్గర, సర్దుబాటు ఛార్జీలు వేరే. ఆ తర్వాత ఫ్యాన్లు కూడా బీఎల్‌డీసీవి (తక్కువ కరెంటు తినే మోటార్ ఉన్నవి) పెట్టించా, పాతవి 75 వాట్లు, ఇవి 30, రోజుకి పదిహేను గంటలు తిరిగితే ఫ్యాన్‌కి నెలకి 20 యూనిట్లు మిగులుతాయి. తక్కువ కరెంటు తినే ఫ్యాన్ల పథకం మొదలైంది కూడా మన విజయవాడలోనే, 2016 ఏప్రిల్‌లో, అప్పుడు ఇచ్చినవి 50 వాట్లవి.

ఖర్చు మెటీరియల్, కూలీ కలిపి చదరపు అడుక్కి 28 రూపాయలు, 2400 అడుగులకి 67,200. ఇక్కడే అసలు గొడవ. పై ఫ్లోర్ వాళ్లకి ఉపయోగం, మేమెందుకు ఇవ్వాలి అని కింద ఫ్లోర్ల వాళ్లు. టెర్రస్ అందరిదీ, బట్టలు, వడియాలు అందరూ ఆరేస్తారు, స్లాబ్ చెడితే రిపేరు కూడా అందరి నెత్తినే పడుతుంది అని మేము. ఆఖరికి ఫస్ట్ ఫ్లోర్‌లో రిటైర్డ్ మాస్టారు ఒకాయన మధ్యవర్తిత్వం చేసి సగం అసోసియేషన్ ఫండ్, సగం పై రెండు ఫ్లాట్లు అని తేల్చారు. ఆయన లేకపోతే ఈ పని అయ్యేది కాదు.

ఇది చూశాక నాకనిపించింది, ఇలాంటి పని మాస్టారి మంచితనం మీద ఆధారపడకూడదు. మన రాష్ట్రంలో పెద్ద కమర్షియల్ బిల్డింగులకి ఎనర్జీ కోడ్, అంటే కరెంటు ఆదా అయ్యేలా ఎలా కట్టాలో చెప్పే రూల్స్, 2014లోనే తెచ్చారు. ఇళ్లకి కేంద్రం 2018 డిసెంబర్‌లో ఎకో నివాస్ సంహిత అనే ఇలాంటి కోడే ఇచ్చింది, అందులో రూఫ్ నుంచి లోపలికి వచ్చే వేడికి లిమిట్ ఉంది, యూ వాల్యూ (వేడి ఎంత సులువుగా లోపలికి దిగుతుందో చెప్పే అంకె) 1.2 దాటకూడదు, మన ఉత్త కాంక్రీట్ స్లాబ్ దానికి సుమారు మూడింతలు ఉంటుంది. గోడలు, కిటికీలకి కూడా లెక్క ఉంది, మా పడమటి గోడ లాంటివాటి కోసమే. కానీ ఈ కోడ్‌లు చూసేది కొత్తగా ప్లాన్ పెట్టే బిల్డింగుల్ని. పటమట, సత్యనారాయణపురం, గవర్నర్‌పేటలో ఇప్పటికే లేచి నిలబడ్డ వందల పాత అపార్ట్‌మెంట్ల సంగతేంటి? తెలంగాణ వాళ్లు 2023లో కూల్ రూఫ్ పాలసీ తెచ్చారు, కమర్షియల్, ప్రభుత్వ భవనాలకి తప్పనిసరి, 600 గజాలు ఆపైన స్థలంలో కట్టే ఇళ్లకి కూడా తప్పనిసరి. న్యూయార్క్‌లో 25,000 చదరపు అడుగులు దాటిన బిల్డింగులు 2020 నుంచి ఎనర్జీ వాడకం గ్రేడు గుమ్మం దగ్గర అంటించాలి. మన దగ్గర పాత బిల్డింగులకి కార్పొరేషన్ ఇంటి పన్నులో కాస్త రాయితీ ఇస్తే చాలు, అసోసియేషన్ మీటింగుల్లో సగం గొడవలు అక్కడికక్కడే ఆగిపోతాయి, ఎందుకంటే పన్ను తగ్గితే గ్రౌండ్ ఫ్లోర్ వాళ్లకి కూడా తగ్గుతుంది.

మాకంటే ముందు ఇది అందాల్సింది కొండల మీద రేకుల ఇళ్లవాళ్లకి. మొగల్రాజపురం, గుణదల, వన్‌టౌన్ కొండల మీద ఇళ్లు చూస్తే గుండె తరుక్కుపోతుంది, కింద రాయి కాలుతుంది, పైన రేకు కాలుతుంది, మధ్యలో పసిపిల్లలు, ముసలివాళ్లు. అహ్మదాబాద్‌లో బస్తీ ఇళ్ల రూఫులకి తెల్ల పూత వేసే కార్యక్రమం 2017లోనే పెట్టారు. 28 రూపాయల కోటింగే అక్కర్లేదు, సున్నంలో ఫెవికాల్ కలిపి ఏటా మార్చికల్లా రెండు పూతలు వేసినా పనిచేస్తుంది, వానాకాలానికి కొట్టుకుపోతుంది, మళ్లీ వేయాలి, అంతే. దీనికి పెద్ద బడ్జెట్ కూడా అక్కర్లేదు, మన కార్పొరేషన్ ఇది తప్పకుండా చేయాలి.

ఇక ఆ ఒక్క మార్కు. వారంటీ ఐదేళ్లు అని నోటితో చెప్పారు, తీరా కాగితం చేతికొచ్చాక చూస్తే పొర లేచిపోతేనే వర్తిస్తుంది, తెల్లదనం తగ్గితే సంబంధం లేదు. ఇదొక్కటే నాకు కోపం తెప్పించింది, ఎందుకంటే ఈ సరుకు పని చేసేదే తెల్లగా ఉన్నంతకాలం. దుమ్ము పడితే ఎండని వెనక్కి కొట్టే గుణం తగ్గిపోతుంది, ఆటోనగర్ గాలి వీచే వైపు ఉన్నవాళ్లకి మరీనూ. అడగ్గా అడగ్గా రెండేళ్ల పాటు ఏటా ఫిబ్రవరిలో వచ్చి ఫ్రీగా కడిగి వెళ్తామని పెన్నుతో రాసి సంతకం పెట్టారు. మీరు అడ్వాన్స్ ఇవ్వకముందే ఈ లైను రాయించుకోండి. ఇంకో రెండు విషయాలు, వాన పడినప్పుడు టెర్రస్ జారుతుంది, పెద్దవాళ్లని పంపకండి, మధ్యాహ్నం బట్టలు తీయడానికి వెళ్తే కళ్లు చిట్లించుకోవాల్సి వస్తుంది. వాటర్ ట్యాంకుకి కూడా మిగిలిన మెటీరియల్ పూయించండి, మా బ్యాచ్ అడిగితే ఎక్స్‌ట్రా తీసుకోకుండానే పూశారు. వేయించే ఆలోచన ఉంటే సంక్రాంతి అవ్వగానే మాట్లాడుకోండి, ఎండ ముదిరాక మంచి పనివాళ్లు దొరకరు, దొరికినా కోటుకి కోటుకి మధ్య ఆరనివ్వకుండా ముగించేసి ఇంకో సైట్‌కి పరిగెడతారు.