నెదర్లాండ్స్‌లో సైకిల్ యాత్ర: సొంతంగా చేసుకున్న పరికరాల్లో ఏవి పనికొచ్చాయి

ఆదివారాలు సోల్డరింగ్ ఐరన్ ముందు కూర్చుని చేసుకున్న ఎలక్ట్రానిక్ డబ్బాలు ఇంట్లో టేబుల్ మీద బాగానే పనిచేస్తాయి. వాన, గతుకులు, ఎదురుగాలి తగిలాక కూడా పనిచేస్తాయా అన్నదే నా సందేహం. అది తేల్చుకోడానికి నెదర్లాండ్స్ ఎంచుకున్నాను. తోడు మా బావమరిది. వాడికి వైర్లంటే ఇష్టం లేదు, ఫోన్‌లో ఛార్జింగ్ ఉంటే చాలు. పరీక్షకి అలాంటివాడే ఉండాలి. ఉట్రెక్ట్‌లో బయల్దేరి, నదుల గట్ల మీదుగా నైమేఖెన్, అక్కణ్నుంచి దక్షిణానికి దిగి హెల్మండ్, ఐండ్‌హోవెన్, తిరిగి రైల్లో రావడం. ఇదీ దారి.

ముందే చెప్పేస్తాను: నేను మోసుకెళ్లిన వాటిలో సగం అక్కడ అక్కర్లేదు. అవి చేసే పని అక్కడ రోడ్డే చేసేస్తుంది.

దారి చూపించే విషయంలోనే అది బాగా తెలిసింది. అక్కడ సైకిల్ దారులు కలిసే ప్రతి కూడలికీ ఒక నంబరు ఉంటుంది. ‘క్నోప్‌పుంట్’ అంటారు. తెల్ల బోర్డు మీద ఆకుపచ్చ అంకె, పక్కన బాణం. ఎటు తిరిగితే తర్వాత ఏ నంబరు వస్తుందో కూడా రాసి ఉంటుంది. చాలా కూడళ్ల దగ్గర చుట్టుపక్కల మ్యాప్ బోర్డు కూడా పెట్టారు. ఈ పద్ధతి మొదలైంది పక్కనున్న బెల్జియంలోని లింబుర్గ్‌లో, 1995లో. ఆలోచన హ్యూగో బోలెన్ అనే గనుల ఇంజనీరుది. ఊరి పేర్లు పలకడం రాకపోయినా ఫర్వాలేదు. 23, 47, 08 అని గుర్తుపెట్టుకుంటే చాలు.

నేను వెళ్లేముందు ఒక స్క్రిప్టు, అంటే చిన్న కంప్యూటర్ ప్రోగ్రాం, రాసుకున్నాను. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అనే ఉచిత ఆన్‌లైన్ మ్యాప్‌లో ఈ కూడళ్లన్నీ నంబర్లతో సహా ఉన్నాయి. నా జీపీఎక్స్ ఫైలు (వెళ్లాల్సిన దారిని మ్యాప్ మీద గీతగా దాచే ఫైలు) ఇస్తే, ఆ గీతకి ముప్పై మీటర్ల లోపు ఉన్న కూడళ్లు వెతికి, వరసగా నంబర్లు తీసి, సన్నటి చీటీగా ప్రింటుకిస్తుంది. రెండంకెల నంబర్లే కాబట్టి ఒక ప్రాంతంలో ఉన్న 47 ఇంకో ప్రాంతంలో కూడా ఉంటుంది. అందుకే నంబరుతో వెతక్కూడదు, గీత వెంబడి వెళ్లాలి. ఆ చీటీకి పారదర్శక టేపు వేసి హ్యాండిల్ కడ్డీకి చుట్టేశాను. యాత్ర మొత్తంలో బాగా పనికొచ్చింది ఇదొక్కటే. బ్యాటరీ లేదు, వానకి తడవదు, ఎండలో స్క్రీన్ కనిపించలేదన్న గోల లేదు.

“బావా, ఇది చేత్తో రాసుకుంటే ఐదు నిమిషాల పని కదా, స్క్రిప్టెందుకు?” అన్నాడు మావాడు. చేత్తో రాస్తే మొదటి రోజుకి ఐదు నిమిషాలే. దారి మార్చుకున్న ప్రతిసారీ ఇంకో ఐదు నిమిషాలు. వాన చూసి సాయంత్రం దారి మార్చుకునే అలవాటు వాడిదే, అది మాత్రం వాడికి గుర్తుండదు.

నంబర్లు కాక ఇంకో పాత ఏర్పాటు ఉంది. అడవి దారుల్లో మోకాలి ఎత్తు కూడా లేని, పుట్టగొడుగు ఆకారంలో ఉన్న దిక్సూచి రాళ్లు. ‘పాడెన్‌స్టూల్’ అంటారు. మొదటిది 1919లో పెట్టారట. సైకిల్ దిగి వంగి చదవాలి, వేగంగా పోయేవాళ్లకి పనికిరావు. ఫోటోకి మాత్రం బాగుంటాయి.

ఇక డైనమో సంగతి. ముందు చక్రం ఇరుసులోనే ఇమిడిన హబ్ డైనమో ఉంది. అది 6 వోల్టులు, 3 వాట్ల రకం. అందులోంచి వచ్చేది ఏసీ. దాన్ని ఫోన్‌కి కావలసిన 5 వోల్టుల డీసీగా మార్చే సర్క్యూట్ నేనే చేశాను. ఏసీని డీసీ చేసే నాలుగు షాట్కీ డయోడ్లు, ఎగుడుదిగుళ్లు సర్దే ఒక పెద్ద కెపాసిటర్, వోల్టేజీ తగ్గించే ఒక బక్ కన్వర్టర్ మాడ్యూల్. ఫోన్ తగిలించకుండా వేగంగా తొక్కితే డైనమో వోల్టేజీ చాలా పైకి పోతుంది, కన్వర్టర్ కాలిపోతుంది. అందుకని వోల్టేజీ హద్దు దాటకుండా ఆపే ఒక జెనర్ డయోడ్ కూడా పెట్టాను. మొత్తం ప్రయాణాల్లో వాడే ప్లాస్టిక్ సబ్బు డబ్బాలో ఇమిడింది. మూత సందుల్లోకి నీళ్లు పోకుండా పాత ట్యూబు ముక్క కోసి చుట్టూ సాగదీసి తొడిగాను. ఉట్రెక్ట్ దాటాక గంటసేపు వాన దంచింది, లోపల చుక్క లేదు.

పనిచేసిందా అంటే చేసింది. సరిపోయిందా అంటే లెక్క చూడాలి. గంటకి 15 కిలోమీటర్లు దాటితే సుమారు అర ఆంపియరు వస్తుంది. 5 వోల్టులతో హెచ్చవేస్తే రెండున్నర వాట్లు. 5000 మిల్లీఆంపియర్ అవర్ల ఫోన్ బ్యాటరీ అంటే దాదాపు 19 వాట్ అవర్లు. సర్క్యూట్‌లో వృథాగా పోయేది పోగా ఒక్క ఫోన్ నిండడానికి ఎనిమిది తొమ్మిది గంటలు ఆగకుండా తొక్కాలి. అదే గోడ ప్లగ్గుకి పెడితే రెండు గంటల్లో అయిపోతుంది. గట్ల మీద సాఫీగా పోయేటప్పుడు ఇబ్బంది లేదు. ఊళ్లోకొచ్చేసరికి సిగ్నల్ సిగ్నల్‌కీ కరెంటు ఆగుతుంది, మళ్లీ వస్తుంది. వచ్చిన ప్రతిసారీ ఫోన్ టింగుమని స్క్రీన్ వెలిగిస్తుంది. వచ్చిన కాస్త కరెంటూ ఆ వెలుగుకే ఖర్చు. దీనికి మందు, మధ్యలో ఒక చిన్న పవర్‌బ్యాంకు. అదీ ఒకేసారి ఛార్జవుతూ ఛార్జ్ ఇచ్చే రకం అయ్యుండాలి, అన్నీ అలా చెయ్యవు. కొనేటప్పుడు అడగండి. టెంటుల్లో పడుకునేవాళ్లకి డైనమో ఛార్జరు దండగ కాదు. రోజూ ప్లగ్గు దొరికే చోట పడుకునేవాళ్లకి అది సరదా మాత్రమే. నేను మళ్లీ తీసుకెళ్తాను, అది వేరే విషయం.

చక్రానికి అయస్కాంతం, ఫోర్కుకి రీడ్ స్విచ్ (అయస్కాంతం దగ్గరికొస్తే కలుసుకునే స్విచ్), ఈఎస్‌పీ32 అనే చిన్న కంప్యూటర్ బోర్డు పెట్టి చేసిన స్పీడోమీటరు గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. చక్రం చుట్టుకొలత 2155 మిల్లీమీటర్లు. చక్రం ఒక చుట్టు తిరిగితే స్విచ్ నుంచి ఒక పల్స్ వస్తుంది. ఒక పల్స్ వచ్చాక 100 మిల్లీసెకన్ల దాకా ఇంకో పల్స్ లెక్కలోకి తీసుకోకూడదని కోడ్‌లో రాశాను. అలా చేస్తే గంటకి 77 కిలోమీటర్ల వరకు సరిగ్గా చూపిస్తుంది, దొంగ పల్సులు పోతాయి. ఆ చదును నేల మీద 77 ఎక్కడ తొక్కుతాం! ఫోన్ యాప్ చూపించిన వేగమే ఇదీ చూపించింది. ఒక్క లాభం ఏమిటంటే ఫోన్ జేబులో ఉంచుకోవచ్చు. అక్కడ 2019 జులై 1 నుంచి సైకిల్ తొక్కుతూ ఫోన్ చేత్తో పట్టుకోవడం నేరం. హ్యాండిల్ స్టాండుకి బిగిస్తే తప్పు లేదు.

బసల సంగతికొస్తే, నా ఓటు ‘వ్రీండెన్ ఓప్ దె ఫీట్స్’కే. 1984 నుంచి నడుస్తున్న సంస్థ ఇది. సభ్యత్వం తీసుకుంటే, సైకిల్ మీదో కాలినడకనో తిరిగేవాళ్లకి తమ ఇంట్లో గది ఇచ్చే వేల ఇళ్ల చిరునామాలు ఇస్తారు. ఒక మనిషికి ఇంతని నిర్ణీత ధర, పొద్దున్న టిఫిన్ అందులోనే. కారులో వెళ్తే కుదరదు. మేం దిగిన ఒక ఇంట్లో పెద్దాయన గ్యారేజీ తలుపు తీసి, పనిబల్ల, వైస్, పానాలు చూపించి “వాడుకోండి” అన్నారు. చైన్ కడిగి ఆయిల్ వేసుకుని, లూజైన క్యారియర్ బోల్టు బిగించుకున్నాం. ఏ హోటల్లో జరుగుతుంది ఇది? అయితే ముందే మాట్లాడి గది ఉందో లేదో కనుక్కోవాలి. దానికి నా షార్ట్‌కట్ ఒకటి అక్కరకొచ్చింది. ఫోన్ కీబోర్డు సొంత డిక్షనరీలో రెండక్షరాలు పెట్టుకున్నాను. అవి కొడితే “ఇద్దరం, సైకిళ్ల మీద వస్తున్నాం, ఫలానా తేదీ సాయంత్రానికి చేరతాం, గది ఉందా” అన్న డచ్ సందేశం మొత్తం పడుతుంది. తేదీ మార్చి పంపడమే. చలివేళ్లతో గట్టు మీద నిలబడి టైపు చేసే బాధ తప్పింది. దీనికి కోడింగ్ రానక్కర్లేదు, ఏ ఫోన్‌లోనైనా సెట్టింగ్స్‌లో ఉంటుంది.

క్యాంపింగ్‌లో ‘నాటూర్‌కంపేర్‌టెరైన్’ అనే చిన్న ప్రకృతి క్యాంపులు ప్రశాంతంగా ఉంటాయి. వాటికి ప్రత్యేకంగా కార్డు కొనుక్కోవాలి. నచ్చిన చోట టెంటు వేసుకుంటామంటే ఆ దేశంలో ఒప్పుకోరు, జరిమానా పడుతుంది. ‘ట్రెకర్స్‌హుట్’ చెక్క గదులు వానరోజుల్లో ప్రాణం నిలబెడతాయి కానీ పడక బట్టలు మనవే ఉండాలి. ఒక ఊళ్లో హాస్టల్‌కి వెళ్లి చెడ్డ రాత్రి గడిపాం. ఎనిమిది మంచాలకి కలిపి రెండే ప్లగ్గులు, సైకిళ్లు పెట్టడానికి నేలమాళిగలోకి నిట్టనిలువు మెట్లు. బ్యాగులు విప్పి, సైకిళ్లు ఎత్తి దింపి, మళ్లీ పొద్దున్న ఎక్కించి... నగరంలో హాస్టల్ తీసుకునేముందు సైకిల్ ఎక్కడ పెట్టనిస్తారో ఫోటో పంపమని అడగండి.

ఉట్రెక్ట్ స్టేషన్ కింద సైకిల్ పార్కింగ్ మాత్రం చూసి తీరాలి. 2019లో పూర్తయింది, 12,500 సైకిళ్లు పడతాయి. సైకిల్ దిగకుండా తొక్కుకుంటూ మూడు అంతస్తుల్లో తిరగొచ్చు, ఏ వరసలో ఖాళీ ఉందో బోర్డు చూపిస్తుంది, మొదటి 24 గంటలు ఉచితం. రైల్లో సైకిల్ ఎక్కించాలంటే సైకిల్‌కి విడిగా టికెట్ తీసుకోవాలి. సోమవారం నుంచి శుక్రవారం దాకా పొద్దున్న 6:30 నుంచి 9, సాయంత్రం 4 నుంచి 6:30 మధ్య ఎక్కనివ్వరు. జులై, ఆగస్టుల్లో మాత్రం ఈ ఆంక్ష లేదు. మడత సైకిల్‌ని మడిచి పెడితే ఏ వేళైనా టికెట్ లేకుండా వెళ్లొచ్చు.

దారిలో నాకు పిచ్చి పిచ్చిగా నచ్చింది చేత్తో లాగే పడవలు. చిన్న కాలువల మీద ఇవి అక్కడక్కడా ఉన్నాయి. పడవకి రెండు గట్లకీ గొలుసు కట్టి ఉంటుంది. పడవ అవతలి ఒడ్డున ఉంటే చక్రం తిప్పి మన వైపు లాక్కోవాలి, బావిలో చేద తోడినట్టు. మనిషి లేడు, మోటారు లేదు, టికెట్ లేదు. గొలుసు నీళ్లలోంచి పైకి రావడం, పళ్ల చక్రం మీద కూర్చోవడం, మళ్లీ మునగడం చూస్తూ రెండుసార్లు అటూ ఇటూ తిరిగాను. మావాడు గట్టు మీద కూర్చుని బిస్కెట్లు తిన్నాడు.

నైమేఖెన్‌లో వెలోరామా సైకిల్ మ్యూజియానికి అర పూట పెట్టుకోండి. పెడళ్లే లేని తొలినాటి బండ్ల దగ్గర్నుంచి ఉన్నాయి. పెద్ద చక్రం సైకిల్ ముందు నిలబడితే దానికి అంత చక్రం ఎందుకో అర్థమవుతుంది. చైనూ గేర్లూ లేవు కాబట్టి పెడల్ ఒక చుట్టు తిరిగితే చక్రం కూడా ఒక చుట్టే తిరుగుతుంది. వేగం కావాలంటే చక్రం పెంచడం ఒక్కటే దారి. 1885లో చైన్ ఉన్న రోవర్ సేఫ్టీ సైకిల్ వచ్చాక ఆ అవసరం తీరిపోయింది.

నాకు అంతకన్నా ఎక్కువ నచ్చింది హెల్మండ్‌లోని హోమ్‌కంప్యూటర్‌మ్యూజియం. అద్దాల వెనక పెట్టలేదు. కుర్చీ లాక్కుని 1980ల నాటి ఇంటి కంప్యూటర్ కమొడోర్ 64 ముందు కూర్చోవచ్చు, టైపు చెయ్యొచ్చు. అందులో బేసిక్ భాషలో ప్రోగ్రాం రాసేటప్పుడు ‘ప్రింట్’ అని మొత్తం కొట్టక్కర్లేదు, ప్రశ్నార్థకం కొడితే చాలు. ‘గోటూ’కి జీ కొట్టి, షిఫ్ట్ పట్టుకుని ఓ కొట్టాలి. ఒక లైనుకి 80 అక్షరాలే పడతాయి కాబట్టి ఈ కుదింపులు బద్ధకానికి కాదు, లైన్లో చోటు మిగలడానికి. ఈ ముక్క నేను చెప్పాక మావాడు గంటసేపు అక్కణ్నుంచి లేవలేదు. యాత్ర మొత్తంలో వాడికి నచ్చింది ఇదే.

ఐండ్‌హోవెన్‌లో ఫిలిప్స్ మ్యూజియం ఒక గంటలో అయిపోతుంది. 1891లో బల్బులు చేయడం మొదలుపెట్టిన భవనమే. క్యాసెట్ 1963లో బయటికి తెచ్చింది ఈ కంపెనీయే కాబట్టి మన వయసువాళ్లు కాస్త ఎక్కువసేపు ఆగుతారు. హోవెన్‌రింగ్ మాత్రం వదలకండి. పెద్ద కూడలి పైన గాల్లో వేలాడే గుండ్రటి సైకిల్ వంతెన. మధ్యలో 70 మీటర్ల స్తంభం, 24 కేబుళ్లు. కట్టగానే గాలికి కేబుళ్లు విపరీతంగా ఊగితే మూసేసి, ఆ ఊపు తగ్గించే డాంపర్లు బిగించి, 2012లో మళ్లీ తెరిచారు. ఆ డాంపర్ల కోసమే నేను రెండు చుట్లు తొక్కాను. దగ్గర్లోనే, న్యూనెన్ వైపు, 2014లో వేసిన, చిత్రకారుడు వాన్ గోహ్ పేరు పెట్టిన సైకిల్ దారి ఉంది. పగలు వెలుగు పీల్చుకుని రాత్రి మెరిసే రాళ్లు పొదిగారు. ఫోటోల్లో ఉన్నంత వెలుగు కంటికి కనిపించదు, ఎండాకాలంలో పదింటి దాకా చీకటే పడదు. దానికోసం నిద్ర చెడగొట్టుకోవాలా అన్నది మీ ఇష్టం.

రిపేర్ల గురించి బెంగ వద్దు. స్టేషన్ల దగ్గర సైకిల్ షాపులుంటాయి, చాలా ఊళ్లలో పంపులు ఉచితం. అక్కడి మామూలు సైకిళ్ల వాల్వు మన పాత సైకిళ్ల వాల్వు లాంటిదే, డన్‌లప్ రకం. రేసు సైకిళ్లకుండే సన్నటి వాల్వు అయితే అడాప్టర్ వెంట ఉంచుకోండి. కాస్త తీరిక ఉంటే రిపేర్ కెఫే ఒకటి వెతుక్కోండి. 2009లో మార్టిన్ పోస్ట్‌మా ఆమ్‌స్టర్‌డామ్‌లో మొదలుపెట్టిన ఏర్పాటు ఇది. తెలిసినవాళ్లు ఉచితంగా కూర్చుని మనతో కలిసి బాగుచేస్తారు. చేసి ఇచ్చెయ్యరు, మన చేతే చేయిస్తారు. మేం వెళ్లిన చోట ఒకాయన నా సబ్బు డబ్బా విప్పించి, ఒక టంకం సరిగ్గా అతకలేదని పట్టుకున్నారు.

చివరిగా గాలి. కొండలు లేవని సంబరపడొద్దు, ఆ లోటు గాలి తీరుస్తుంది. ఎదురుగాలిలో సైకిల్ పోటీ పెట్టుకునే దేశం అది. అదీ గేర్లు లేని మామూలు సైకిళ్ల మీద, తుఫాను లాంటి గాలి ఉన్న రోజు చూసి పెడతారు. ఎక్కువగా నైరుతి నుంచి వీస్తుంది కాబట్టి పడమట మొదలుపెట్టి తూర్పుకి తొక్కండి, తిరుగు ప్రయాణం రైలుకి వదిలేయండి. టికెట్లు జులై, ఆగస్టులకి తీసుకుంటే సాయంత్రం నాలుగింటికి కూడా సైకిల్ ఎక్కించొచ్చు.