థ్రిల్లర్ రాసేవారి బల్ల మీద లిబ్రే ఆఫీస్ రైటర్

నా థ్రిల్లర్ నవలలన్నీ రాసిందీ, దిద్దిందీ, అచ్చుకు పేజీలు కట్టిందీ కంప్యూటర్‌లో రాసుకునే సాఫ్ట్‌వేర్ లిబ్రే ఆఫీస్ రైటర్‌లోనే. ఉచితమని మొదలుపెట్టాను. ఇన్నేళ్లయినా వదలకపోవడానికి కారణం మాత్రం అందులోని నేవిగేటర్.

ఎఫ్5 నొక్కితే అధ్యాయాల పేర్లన్నీ వరసగా పక్కన తెరుచుకుంటాయి. పేర్లకు హెడింగ్ స్టైల్ (ఫాంటు, సైజు, ఖాళీలు ఎలా ఉండాలో చెప్పే మూస) ఇచ్చి ఉండాలి, అంతే. అందులో ఒక పేరును మౌస్‌తో పట్టుకుని కిందికి లాగితే ఆ అధ్యాయం మొత్తం వెంట వెళ్తుంది. శవం దొరకడం ముందా, ఫోన్ రావడం ముందా అన్నది రాస్తున్నప్పుడు ఎవరికీ తేలదు. ఒక నవలలో బ్యాంకు లాకరు తెరిచే అధ్యాయాన్ని ఆరో స్థానం నుంచి పదకొండుకు జరిపాను. తాళంచెవి ఎవరి దగ్గరుందో పాఠకుడికి ముందే తెలుసు, ఇన్‌స్పెక్టర్‌కు తెలియదు. మధ్యలోని అధ్యాయాలన్నీ ఆ తేడా మీదే నడిచాయి. అధ్యాయం పేరు పక్కనే ‘మంగళవారం, రాత్రి 9.40’ అని రాసుకుంటాను కాబట్టి, జరిపినప్పుడు కాలం తప్పితే అక్కడే దొరికిపోతుంది. అచ్చుకు ముందు వాటిని చెరిపేస్తాను.

ఇక హంతకుణ్ణి దాచే సంగతి. తెలుగు క్రియ చాడీకోరు. ముసుగు మనిషి గదిలోకి ‘వచ్చాడు’ అనగానే అనుమానితుల్లో ఆడవాళ్లంతా నిర్దోషులైపోతారు. ‘నీడ కదిలింది’, ‘చెయ్యి గడియ తీసింది’ అని తప్పించుకోవచ్చు గానీ, పేజీల తరబడి నీడలూ చేతులే తిరుగుతుంటే చదివేవాడికి నవ్వొస్తుంది. అందుకే హంతకుడి అధ్యాయాలు ‘నేను’తో రాస్తాను, ‘వచ్చాను’ గుట్టు విప్పదు. సాక్షుల చేత ‘ఎవరో వచ్చారు’ అనిపిస్తాను. రాయడం పూర్తయ్యాక రైటర్‌లో ‘డు’ అని వెతికించి, అనుమానం ఉన్న చోటల్లా ఆగి చూస్తాను. ‘చూడు’, ‘నేడు’ కూడా అడ్డొస్తాయి. ఓపిగ్గా దాటుకుంటూ పోవాలి.

అక్షరదోషాల తనిఖీ మాత్రం తెలుగులో నాకు పనికిరాలేదు. సంధి కలిసిన మాట కనబడితే ఎర్రగీత, ప్రత్యయం చేరితే మరో గీత. పేజీ నిండా నెత్తుటి మరకలు థ్రిల్లర్‌కు బాగానే ఉంటాయి గానీ, ఆ తనిఖీని ఆపేశాను. ఫాంటు అమరిక కొత్తవారిని తికమక పెడుతుంది. రైటర్ దృష్టిలో తెలుగు ‘కాంప్లెక్స్’ లిపి. స్టైల్‌లో దానికి వేరే గడి ఉంటుంది. ఇంగ్లిష్ కోసం ఉన్న పై గడిలో సైజు ఎంత మార్చినా తెలుగు అక్షరం కదలదు. పేజీ నంబర్ల కోసం పేజీ స్టైళ్లతో కుస్తీ పట్టక తప్పదు. నాకు ఇప్పటికీ అది చిరాకే.

స్టైల్‌తో రాసినందుకు ఫలం అచ్చు దగ్గర కనిపిస్తుంది. డెమ్మీ 1/8 అనే పుస్తకం సైజులో ఫారానికి (అచ్చులో ఒక పెద్ద కాగితం మీద కలిసి వచ్చే పేజీల కట్టకు) 16 పేజీలు. 208 పేజీలైతే సరిగ్గా 13 ఫారాలు. 211 వస్తే ఆ మూడు పేజీల కోసం అదనపు ఖర్చు. పాఠం స్టైల్‌లో లైన్ల మధ్య ఖాళీ కాస్త తగ్గిస్తే నవల మొత్తం ఒక్కసారే సర్దుకుంటుంది. మరీ తగ్గిస్తే పై లైను వత్తులు కింది లైను గుడులకు తగులుతాయి, జాగ్రత్త.

ఫైలును మాత్రం డీటీపీ వారి చేతికి ఇవ్వకండి. చాలా చోట్ల ఇంకా యూనికోడ్ (ఏ కంప్యూటర్‌లోనైనా అక్షరాన్ని ఒకేలా గుర్తించే పద్ధతి) కాని పాత ఫాంట్లే వాడుతున్నారు. ఒక కేంద్రంలో నా నవలను వాటిలోకి మారిస్తే కొన్ని వత్తులు ఎగిరిపోయాయి, ‘ఫోన్‌లో’ అని రాసినవన్నీ ‘ఫోన్లో’ అయ్యాయి. అప్పటి నుంచి ఫాంట్లు ఇమిడ్చిన పీడీఎఫ్ మాత్రమే ఇస్తున్నాను. పుస్తకాల అంతర్జాతీయ గుర్తింపు సంఖ్య ఐఎస్‌బీఎన్‌కు మన దేశంలో రుసుము లేదు కాబట్టి, ముందే దరఖాస్తు చేసి ఆ నంబరును కూడా పీడీఎఫ్‌లోనే చేరుస్తాను. ఈ-బుక్ కావాలంటే ఈపబ్ కూడా ఇందులోంచే తీయవచ్చు.

ఇది కంప్యూటర్ ముందు కూర్చుని, నవల పూర్తయ్యాకే బయటపెట్టేవారి సరంజామా. ఫోనులోనే రాస్తూ వారానికో భాగం ఆన్‌లైన్‌లో పెట్టేవారికి నేవిగేటర్‌తో పనిలేదు. పాఠకులు చదివేసిన భాగాన్ని ఎలాగూ వెనక్కి జరపలేరు.