గజ్జ హెర్నియా: కోత ఆపరేషనా, ల్యాప్రోస్కోపీయా? తరువాతి నొప్పి దృష్ట్యా ఏది మేలు?

నెల్లూరు రైస్‌మిల్లులో బస్తాలు మోసే హమాలీ అయినా, చీమకుర్తి గ్రానైట్ క్వారీ కార్మికుడైనా, గజ్జలో హెర్నియా (పొట్ట కండరంలోని బలహీనమైన చోటు నుంచి పేగు లాంటిది బయటికి ఉబ్బడం) ఉందని తెలియగానే ఖర్చెంత, మళ్లీ పనిలోకి ఎప్పుడు వెళ్లవచ్చు అనే అడుగుతారు. ఆపరేషన్ అయ్యాక నెలల తరబడి వదలని నొప్పి సంగతిని కూడా అప్పుడే అడగాలి. మూడు నెలలు దాటినా తగ్గనిదాన్ని దీర్ఘకాలిక నొప్పిగా లెక్కిస్తారు. 2018లో వెలువడిన అంతర్జాతీయ మార్గదర్శకాల ప్రకారం ఇది 10–12 శాతం మందికి వస్తుంది. రోజువారీ పనులకు అడ్డుపడేంత తీవ్రంగా ఉండేది వారిలో కొద్దిమందికే.

కోత ఆపరేషన్‌లో గజ్జ మీద కోసి, కండరానికి ముందువైపున జాలీ (బలహీనమైన చోటుకు దన్నుగా వేసే వలలాంటి తెర) అమర్చి కుడతారు. ఆ దారిలోనే మూడు సన్నని నరాలున్నాయి. వాటిలో ఏదైనా కుట్టులో చిక్కినా, గాయం మానేటప్పుడు గట్టిపడిన మచ్చలో ఇరుక్కున్నా, తొడ లోపలివైపుకు, వృషణం దాకా మంట పాకుతుంది. బాసింపట్టు వేసుకుని భోజనానికి కూర్చున్నా, బండి దిగడానికి కాలెత్తినా చురుక్కుమంటుంది. ల్యాప్రోస్కోపీలో, అంటే చిన్న రంధ్రాల గుండా కెమెరా, పరికరాలు పంపి చేసే ఆపరేషన్‌లో, జాలీని కండరాల వెనుక పరుస్తారు కనుక ఈ నరాల జోలికి పోయే అవసరం తక్కువ, పనిలోకి తిరిగి వెళ్లడమూ త్వరగా జరుగుతుంది. అయితే జాలీని బిగించే పిన్ను తగని చోట పడితే ఇక్కడా నరం చిక్కుకుంటుంది. ఈ పద్ధతిలో చేయి తిరగడానికి సర్జన్‌కు చాలా కేసులు కావాలి; సాధారణంగా పూర్తి మత్తు కూడా తప్పదు.

అందువల్ల నొప్పి ఒక్కటే కొలమానమైతే, అనుభవమున్న సర్జన్ దొరికినప్పుడు, ముఖ్యంగా రెండు వైపులా హెర్నియా ఉన్న కష్టజీవికి, నా ఓటు ల్యాప్రోస్కోపీకే. గుండె, ఊపిరితిత్తుల జబ్బులున్న పెద్దవారికి మాత్రం ఆ చోటికే మత్తు ఇచ్చి చేసే కోత ఆపరేషనే క్షేమం. జాలీ వద్దంటే నొప్పి రాదనుకోవడం పొరపాటు: అది లేకుండా కుట్టినా నొప్పి మిగలవచ్చు, పైగా హెర్నియా తిరగబెట్టే అవకాశం పెరుగుతుంది.

వయసు తక్కువైనవారికి, ఆపరేషన్‌కు ముందే నొప్పి ఎక్కువగా ఉన్నవారికి ఈ దీర్ఘకాలిక నొప్పి ముప్పు అధికం. ఇబ్బంది లేని పురుషులు ఆపరేషన్‌కు తొందరపడకుండా డాక్టరు పర్యవేక్షణలో ఆగవచ్చని 2006లో అమెరికాలో ప్రచురితమైన అధ్యయనం చూపింది. అయితే వాయిదా వేసినవారిలో దాదాపు నాలుగోవంతు రెండేళ్లలోపే ఆపరేషన్‌కు వచ్చారు. స్త్రీలకు ఈ వాయిదా తగదు. ఉబ్బు లోపలికి పోకుండా గట్టిపడి, వాంతులు మొదలైతే మాత్రం ఎవరైనా ఆ పూటే ఆసుపత్రికి చేరాలి.