రొట్టె తీసేసిన కెఫ్తేదెస్: బాదం పొడితో చేసే గ్రీకు కైమా ఉండల సమీక్ష

గ్రీకులు కెఫ్తేదెస్ అని పిలిచే కైమా ఉండల్లో పిండిపదార్థం ప్రధానంగా మూడు చోట్ల నుంచి వస్తుంది: నానబెట్టి పిండిన పాత రొట్టె, వేయించే ముందు దొర్లించే మైదా, ఉల్లిపాయ. అరకిలో మాంసానికి 100 గ్రాముల రొట్టె వేస్తే దాదాపు 50 గ్రాముల పిండిపదార్థం, దొర్లించడానికి 40 గ్రాముల మైదా వాడితే మరో 30. ఉల్లిపాయది వీటి ముందు చిన్న లెక్క. పిండిపదార్థం తగ్గించడమే ఇక్కడి ఉద్దేశం కాబట్టి మార్చాల్సింది మొదటి రెండింటినే. చాలాకాలంగా రకరకాల బదులు సరుకులతో చేసి చూశాక తేలింది ఇది: రొట్టె స్థానంలో ఏం వేయాలన్నది రెండో ప్రశ్న, రొట్టె అక్కడ ఏం పని చేస్తోందన్నది మొదటి ప్రశ్న.

రొట్టె రెండు పనులు చేస్తుంది. అందులోని పిండి నీళ్ళు పీల్చుకుని జిగురులా మారి, మాంసం వేడికి ముడుచుకుంటూ వదిలే రసాన్ని పట్టి ఉంచుతుంది. మాంసం పోగులు ఒకదానికొకటి గట్టిగా అతుక్కోకుండా మధ్యలో అడ్డు కూడా నిలుస్తుంది. బాదం పొడి రెండో పని చక్కగా చేస్తుంది, మొదటిది పెద్దగా చేయదు. అందుకే రొట్టె తీసి అంతే బాదం పొడి వేస్తే ఉండలు పొడిపొడిగా, ఇసుక తగిలినట్టు వస్తాయి. లోటు తీరాలంటే బాదం పొడి తగ్గించి, నీళ్ళు పూర్తిగా వార్చిన గట్టి పెరుగు రెండు చెంచాలు కలపాలి. తేమ పెరుగు ఇస్తుంది, ముద్దను గుడ్డు నిలబెడుతుంది.

ఇప్పుడు స్థిరపడిన కొలతలు: కైమా 500 గ్రాములు, సన్నటి బాదం పొడి 40 గ్రాములు, గుడ్డు 1, గట్టి పెరుగు 30 గ్రాములు, ఫెటా చీజ్ 75 గ్రాములు, తురిమిన ఉల్లిపాయ 80 గ్రాములు, వెల్లుల్లి 2 రెబ్బలు, సన్నగా తరిగిన పుదీనా, పార్స్లీ రెండేసి పెద్ద చెంచాలు, ఎండు ఒరెగానో 1 చిన్న చెంచా, మిరియాల పొడి అర చెంచా, అర నిమ్మకాయ తొక్క తురుము, ఉప్పు 5 గ్రాములు. 35 గ్రాముల చొప్పున చుడితే 21, 22 ఉండలు వస్తాయి. పీచు తీసేసి లెక్కిస్తే మొత్తం పిండిపదార్థం 15 గ్రాముల చుట్టూ ఉంటుంది, అంటే ఒక్కో ఉండకు గ్రాము లోపే.

మాంసంలో కొవ్వు 20 శాతం ఉండాలి. ఇందులో రాజీ లేదు. 10 శాతం కొవ్వున్న కైమాతో రొట్టె లేకుండా చేస్తే ఎన్ని చెంచాల పెరుగు వేసినా ఉండ నోట్లో పీచులా నమలాల్సి వస్తుంది. గొర్రె మాంసం, బీఫ్ సగం సగం కలిపితే రుచి అన్నిటికన్నా బాగుంది. పంది కైమా కలిపినా మెత్తగానే వస్తుంది. కోడి అయితే తొడ మాంసమే తీసుకోవాలి.

ఉల్లిపాయ తరగకూడదు, తురమాలి. తురిమి చిటికెడు ఉప్పు చల్లి, పది నిమిషాలయ్యాక గుడ్డలో వేసి గట్టిగా పిండాలి. 80 గ్రాముల తురుము 50 గ్రాములకు దిగుతుంది, దాని తీపిలో కొంత ఆ నీళ్ళతోనే పోతుంది. ఈ పని వదిలేస్తే రొట్టె లేని ముద్దలో ఆ నీళ్ళు పీల్చేదేమీ ఉండదు. ఉండ పెనం మీద పరుచుకుపోతుంది, మాంసం వేగే బదులు ఉడుకుతుంది. ఆకుల విషయమూ ఇంతే: కడిగాక పూర్తిగా ఆరిన తర్వాతే తరగాలి.

ఫెటా గురించి కాస్త ఆగి చెప్పుకోవాలి. 2002 నుంచి ఐరోపా సమాఖ్యలో ఈ పేరు గ్రీసులో తయారైన చీజ్‌కే రక్షితం. గొర్రె పాలతో చేస్తారు, మేక పాలు 30 శాతం దాకా కలపవచ్చు. ఆవు పాలతో చేసిన తెల్ల చీజ్ వాడినా వంట పాడవదు గానీ ఆ పుల్లటి ఘాటు రాదు. ఉప్పునీటిలో ఉన్న ముక్కనే కొని, తుడిచి, చేత్తో బఠాణీ గింజంత ముక్కలుగా చిదమాలి. ముందే పొడి చేసి అమ్మే రకాల్లో అంటుకోకుండా పిండి కలిపి ఉండవచ్చు, అది మన లెక్కకు విరుద్ధం. ఫెటా కరిగి సాగే చీజ్ కాదు, వేడికి మెత్తబడి ముక్కగానే ఉంటుంది. అందుకే ఉండ లోపల ఉన్నప్పుడు బాగుంటుంది, పైకి పొడుచుకొస్తే పెనానికి అంటి మాడుతుంది. దానిలోని ఉప్పు వల్లే పై కొలతలో ఉప్పు 5 గ్రాములకు తగ్గింది. ఫెటా లేకుండా చేస్తే 7 గ్రాములు పడుతుంది.

కలిపే వరుసలోనే సగం ఫలితం ఉంది. ముందు గుడ్డు, పెరుగు, బాదం పొడి, ఉల్లిపాయ, వెల్లుల్లి, ఆకులు, ఉప్పు అన్నీ ఒక ముద్దలా కలిపి పది నిమిషాలు వదలాలి. బాదం పొడి అప్పటికి తేమ పీల్చుకుంటుంది. ఆ తర్వాత చల్లటి కైమా వేసి వేళ్ళు విడదీసి ఒక నిమిషం కలపాలి, అంతకు మించి వద్దు. ఉప్పు తగిలిన మాంసాన్ని పిసికే కొద్దీ దాని ప్రోటీన్ కరిగి జిగురవుతుంది. రొట్టె లేదు కాబట్టి కొంచెం జిగురు అవసరమే, కానీ ఎక్కువైతే ఉండ రబ్బరు బంతిలా సాగుతుంది. చివర్లో ఫెటా వేసి రెండు మూడు సార్లు తిప్పితే చాలు. అర చెంచా ముద్ద పెనం మీద కాల్చి ఉప్పు చూసుకుని, తడి చేత్తో ఉండలు చుట్టి, 45 నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టాలి. కొవ్వు గట్టిపడకుండా వేస్తే మైదా పొర లేని ఉండలు తిప్పేటప్పుడు విరుగుతాయి.

మిగతా బదులు సరుకుల్లో ఇసబ్గోలు పొట్టు నీటిని బాగా పట్టుకుంటుంది గానీ 5 గ్రాములు దాటితే లోపల జిగటగా ఉంటుంది. అవిసె పొడికి పీచు ఎక్కువ, నికర పిండిపదార్థం చాలా తక్కువ, కానీ దాని వాసన ఒరెగానోను మింగేస్తుంది. కొబ్బరి పిండి తీపి ఈ వంటకు అసలు నప్పదు. బాదం పడనివారికి పొద్దుతిరుగుడు గింజల పొడి మంచిదే. అయితే దానితో వంటసోడా కలిపితే ఉండ లోపల ఆకుపచ్చగా మారవచ్చు. చెడిపోయినట్టు కాదు, ఆ గింజల్లోని పదార్థం క్షారానికి స్పందించే తీరు అది.

కొందరు పావు చెంచా వంటసోడా వేస్తారు. నిజంగానే ఉండ మెత్తబడుతుంది. కానీ దానితో పాటు వెనిగర్ కూడా పోస్తే రెండూ ఒకదాన్నొకటి చంపేస్తాయి. వంటసోడా వేసిన మాంసం పూర్తిగా ఉడికాక కూడా గులాబీ రంగులో కనిపించవచ్చు, కాబట్టి రంగు చూసి తేల్చుకోకండి. మధ్యలో థర్మామీటరు గుచ్చితే 71 డిగ్రీల సెల్సియస్, కోడి అయితే 74 చూపించాలి.

వేయించడమా, ఓవెనా అంటే రుచికి వేయించడమే. పెనంలో అర సెంటీమీటరు ఆలివ్ నూనె పోసి, ఉండ వేయగానే చుట్టూ బుడగలు వచ్చేంత కాగాక, ఉండలను కొంచెం అదిమి ఎడంగా వేయాలి. మొదటి మూడు నిమిషాలు కదిలించకండి. కింద గోధుమరంగు పట్టాక అదే ఊడి వస్తుంది, అంతకు ముందు గరిట పెట్టి గీరితే పై తొడుగు పెనానికే ఉండిపోతుంది. మైదా లేని లోటు ఇక్కడ తెలుస్తుంది: కరకరలాడే పొర రాదు. బాదం పొడిలో దొర్లించి చూస్తే లోపల ఉడికేలోపే ఆ పొర మాడుతోంది. ఏమీ పూయకుండా వేయించడమే నయం.

ఎక్కువ మందికి చేసేటప్పుడు ఓవెన్ మేలు. 220 డిగ్రీలు బాగా వేడెక్కాక పై అరలో 14 నుంచి 17 నిమిషాలు, సగంలో ఒకసారి తిప్పితే సరిపోతుంది. ఉండల చుట్టూ తెల్లటి నురగలాంటిది కనిపిస్తే అది మాంసంలోని ప్రోటీనే. ఎక్కువగా వస్తోందంటే సమయం మించుతున్నట్టు.

పక్కన జజికి (పెరుగు, కీరదోసతో చేసే గ్రీకు పచ్చడి) ఉండాల్సిందే, కానీ దాని లెక్క మరవకూడదు. 60 గ్రాముల జజికిలో రెండున్నర గ్రాముల దాకా పిండిపదార్థం ఉంటుంది, అంటే దాదాపు నాలుగు ఉండలంత. కీరదోస తురుముకు ఉప్పు పట్టించి 20 నిమిషాల తర్వాత పిండేయకపోతే గంటలో గిన్నె అడుగున నీళ్ళు చేరతాయి.

నిల్వకు పచ్చి ఉండలే మంచివి. పళ్ళెంలో విడివిడిగా గడ్డకట్టించి తర్వాత సంచిలో వేసుకుంటే, కరగనివ్వకుండానే 200 డిగ్రీల ఓవెన్‌లో 22 నుంచి 25 నిమిషాల్లో కాలతాయి. వండినవి ఫ్రిజ్‌లో మూడు రోజులు బాగుంటాయి. మళ్ళీ వేడి చేసేటప్పుడు చెంచాడు నీళ్ళు చిలకరించి, మూతపెట్టి, 160 డిగ్రీల ఓవెన్‌లో పది నిమిషాలు ఉంచండి. మూత లేకుండా పెడితే పెరుగు ఇచ్చిన తేమంతా అక్కడే పోతుంది.