సమాధి రాయికి నలుపా, బూడిద రంగా?

రాయి మీద మనిషి బొమ్మ చెక్కించాలనుకుంటే పెద్దగా ఆలోచించే పని లేదు, నల్ల గ్రానైటే. అద్దంలా పాలిష్ పట్టిన నలుపు మీద లేజర్ తగిలిన చోటల్లా లేత బూడిద రంగు తేలుతుంది. కళ్లజోడు ఫ్రేము, మీసం వెంట్రుకలు కూడా విడివిడిగా కనిపిస్తాయి. వాషింగ్టన్‌లో 1982లో వెలిసిన వియత్నాం యుద్ధ స్మారకం నల్లరాయే. 58 వేలకు పైగా పేర్ల మధ్య చూసేవాళ్ల ముఖమూ అందులో కనబడుతుంది.

అయితే నలుపుకి ఓపిక కావాలి. నీటి చుక్క ఆరితే మచ్చ, ఉప్పునీళ్లతో కడిగితే తెల్లటి చార. పైగా కొన్ని రాళ్లకు రంగో నూనో పట్టించి నల్లగా చేసి అమ్ముతారు, ఎండకి వెలిసిపోతాయి. తెల్లగుడ్డకి అసిటోన్ (గోళ్ల రంగు తుడిచే ద్రవం) అద్ది రుద్దండి. నలుపు అంటిందా, ఆ రాయి వద్దు.

బూడిద రంగు రాయి దుమ్మునీ గీతల్నీ దాచేస్తుంది. చెట్ల కింద పెట్టేదైతే నా ఓటు దీనికే. చిక్కల్లా అక్షరాలతోనే: పైపైన చెక్కితే రాతి చుక్కల్లో కలిసిపోతాయి. లోతుగా చెక్కిస్తే నీడ పడి చదవడానికి వీలవుతుంది. లేదంటే నల్ల పెయింటు నింపించి, పెచ్చులూడినప్పుడల్లా మళ్లీ వేయించుకోవాలి.